ఆవిరి పడవ బాయిలర్‌కు కాగితం తెచ్చుకున్న నా అనుభవం

నిన్న మా షెడ్డులో బాయిలర్‌కు నీటి పరీక్ష చేశాం. ఒత్తిడి చూపే గేజు ముల్లు చదరపు సెంటీమీటరుకు పదిన్నర కిలోల మీద అరగంట నిలబడింది. ఒక్క జాయింటు కూడా చెమ్మగిల్లలేదు. బాయిలర్లు చూసే ఆఫీసు వాళ్లు రాసిచ్చిన జవాబు కూడా చేతిలో ఉంది. మరిచిపోకముందే ఇదంతా రాసి పెడుతున్నాను. కొత్తగా ఆవిరి పడవ కట్టాలనుకునేవాళ్లకు ఇంజిను గురించి చెప్పేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతారు, ఆఫీసుల గురించి చెప్పేవాళ్లే దొరకరు.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇవతల మహారాష్ట్ర, ప్రాణహిత దాటితే తెలంగాణ. కాస్త దిగువన కాళేశ్వరం దగ్గర ప్రాణహిత పోయి గోదావరిలో కలుస్తుంది. నేను పంపుసెట్లు, మోటార్లు బాగు చేస్తాను. పడవ పని నాకు కొత్త, ఆవిరి పని మరీ కొత్త.

పడవ విషయంలో ఇబ్బంది ఏమీ లేదు. 16 అడుగుల పొడవు, వెడల్పు తక్కువ. మా వడ్ల కాకా టేకు చెక్కతో మొదలుపెట్టేశాడు. ఇంజినుది ఒకటే సిలిండరు, రెండుంపావు అంగుళాల బోరు (లోపలి వ్యాసం), రెండు అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). పోత ముక్కలు తెప్పించి మంచిర్యాలలో లేతు పని చేయిస్తున్నాను. "ఇంకా పెద్దది పెట్టరాదా" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. పట్టించుకోకండి. ఈ పొడవు పడవ గంటకు పది కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి తను లేపిన అలలోనే తను ఇరుక్కుంటుంది. ఆ పైన ఎంత బలం పెట్టినా కట్టెలు కాలడమే గానీ వేగం పెరగదు. రెండు హార్స్‌పవర్ చాలు. ఆవిరి ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ప్రొపెల్లర్ మాత్రం పెద్దది కావాలి, పెద్దదానికి లోతు కావాలి. ఎండాకాలం ప్రాణహితలో ఇసుకే కనిపిస్తుంది కాబట్టి వానలు పడ్డాక, నీళ్లు ఉన్నన్నాళ్లే నడపాలని నిర్ణయించుకున్నాను.

అసలు పని బాయిలరే. నేను ఎంచుకున్నది యారో రకం: పైన ఒక డ్రమ్ము, కింద అటూ ఇటూ రెండు సన్న డ్రమ్ములు, వాటి మధ్య వరసగా ట్యూబులు. మంట మీద గుడారం వేసినట్టు ఉంటుంది. పై డ్రమ్ము ఆరంగుళాల పైపు, రెండడుగుల పొడవు. ట్యూబులు ముప్పావు అంగుళంవి, అన్నీ కలిపి 20 మీటర్లు. మొత్తం లోపలి కొలత 18 లీటర్లు దాటదు. ఈ లెక్క నేనే వేశాను, ఒకటికి నాలుగుసార్లు సరిచూశాను. ఈ అంకె ఎంత ముఖ్యమో కింద చెప్తాను.

ముందు ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు వెళ్లాను. ఆ యజమాని డ్రాయింగ్ ముఖం కూడా చూడలేదు. "అన్నా, పాత గ్యాస్ సిలిండర్ కోసి రెండు రోజుల్లో చేసిస్తా, కంప్రెసర్ గాలి కొట్టి టెస్ట్ చేద్దాం" అన్నాడు. అలాంటి షాపు మెట్లు దిగి వచ్చేయండి. నీళ్లతో పరీక్షిస్తే, పగులు వచ్చిన మరుక్షణం ఒత్తిడి పడిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్ల బట్టలు తడుస్తాయి, అంతే. గాలి నొక్కుకుపోయి ఉంటుంది, పగిలితే ఇనుప ముక్కలు విసురుతుంది. ఇది తెలియనివాడు బాయిలర్ పేరెత్తకూడదు. నేను ఐబీఆర్, అంటే మన దేశ బాయిలర్ నిబంధనల సర్టిఫికెట్ ఉన్న సీమ్‌లెస్ (అతుకు లేని) పైపే కొన్నాను. రేటు ఎక్కువే. వెల్డింగ్‌కు రామగుండం వైపు నుంచి ఒక అన్నను పిలిపించాను. కరెంటు ప్లాంట్లలో బాయిలర్ ట్యూబులు అతికి రిటైరైన మనిషి. ఆయన చేతి పని చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం.

ఇక ఆఫీసు కథ.

వెల్డింగ్ మొదలుపెట్టకముందే అనుమతి ఏమైనా కావాలేమో కనుక్కుందామని బాయిలర్లు చూసే ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన డ్రాయింగ్ విప్పి, ఏ ఫ్యాక్టరీకి అని మరాఠీలో అడిగాడు. పడవకు సాహెబ్ అన్నాను. ఆయన పక్క టేబులాయన్ని పిలిచాడు, ఆయన ఇంకొకర్ని పిలిచాడు. డ్రాయింగ్ టేబుళ్లన్నీ తిరిగింది. "టైటానిక్ వచ్చింది చూడండి" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు, వరసలో నా వెనక ఉన్న రైస్‌మిల్లు మనుషులతో సహా. నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. డ్రాయింగ్ నా చేతికి తిరిగి వచ్చేసరికి దాని మీద టీ గ్లాసు మరక ఉంది. రాత్రుళ్లు కూర్చుని స్కేలు పెట్టి గీసుకున్న డ్రాయింగ్ అది.

అంతటితో వదల్లేదు. నా మరాఠీలో తెలుగు యాస విని, "నువ్వు తెలంగాణవాడివి కదా, అక్కడికే పో" అన్నాడు. నేను సిరొంచలో పుట్టాను, నా ఆధార్, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఇక్కడివే. మా తాలూకాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. రెండూ మావే. ఆ మాట ఆ రోజు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

చివరికి "ఇది పడవది, మాకు సంబంధం లేదు" అన్నారు. పడవలు చూసే ఆఫీసుకు వెళ్తే, డీజిలా పెట్రోలా అని అడిగారు. ఆవిరి అంటే, "ముందు బాయిలర్ వాళ్ల సర్టిఫికెట్ తే" అన్నారు. మళ్లీ మొదటి ఆఫీసు, మళ్లీ అదే మాట. ఎవరో చెప్పారని నది దాటి అవతలి రాష్ట్రంలో అడిగితే, "మీది మహారాష్ట్ర అడ్రస్ కదా" అన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

అప్పుడు చట్టాలు తెచ్చుకుని నేనే చదివాను. చిక్కు ఎక్కడుందో తెలిసింది. 1923 నాటి బాయిలర్ల చట్టం స్టీమర్లలోని బాయిలర్లను తన పరిధిలోంచి తప్పించి, 1917 నాటి నదీ స్టీమర్ల చట్టానికి వదిలేసింది. ఆ 1917 చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. 1923ది పోయి 2025లో కొత్తది వచ్చింది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు వీటిలో ఏదీ చదవలేదు. నాకు దారి చూపించింది బాయిలర్ల చట్టంలో బాయిలర్ అంటే ఏమిటో చెప్పే వాక్యం. నీళ్లు లోపలికి వెళ్లే ఫీడ్ చెక్ వాల్వు నుంచి ఆవిరి బయటికి వచ్చే మెయిన్ స్టీమ్ వాల్వు దాకా లోపలి కొలత 25 లీటర్ల కంటే తక్కువైతే అది చట్టం దృష్టిలో బాయిలర్ కాదు. నాది 18 లోపే!

ఇక నోటిమాటలు మానేశాను. మరాఠీలో దరఖాస్తు టైపు చేయించాను. కొలతలు, లెక్క, పని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు అని రాసి, "ఇది చట్టం కిందికి వస్తుందా, రాదా, లిఖితపూర్వకంగా తెలపండి" అని ఒకే ప్రశ్న వేశాను. కౌంటరాయన తీసుకోనన్నాడు. "తీసుకోనని ఈ కాగితం మీదే రాసి సంతకం పెట్టండి సాహెబ్" అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. ముద్ర వేసి ఆవక్ నంబరు, అంటే కాగితం అందినట్టు రిజిస్టరులో రాసుకునే నంబరు, ఇచ్చాడు. ఆ తర్వాత ఉలుకూపలుకూ లేకపోతే, నా దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పమని సమాచార హక్కు కింద అడిగాను. దానికి 30 రోజుల గడువు ఉంటుంది. గడువు లోపలే జవాబు వచ్చింది: 25 లీటర్ల లోపు కాబట్టి నిర్వచనంలోకి రాదు, భద్రత బాధ్యత యజమానిదే అని. ఆవక్ నంబరు లేకుండా ఏ ఆఫీసులోనూ ఏ కాగితమూ ఇవ్వకండి. మర్యాదగా మాట్లాడండి, కానీ బతిమాలకండి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. నవ్విన ఆ గదిలో ఒక్కరికైనా మా ఊరి చరిత్ర తెలిసుంటే నవ్వేవాళ్లు కాదు. 1860లలో సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. సముద్రం వైపు నుంచి ఇంత దూరం పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. రాళ్లు అడ్డొచ్చి, ఖర్చు పెరిగి 1871లో పనులు ఆపేశారు. ఆవిరి పడవ అనే ఆలోచన ఈ నదికి కొత్త కాదు. చేతులతో ఏదైనా తయారు చేద్దామనుకునేవాణ్ణి చూసి నవ్వడం మన ఆఫీసుల్లో అలవాటైపోయింది. ఆ నవ్వుకు భయపడి ఎంతమంది కుర్రాళ్లు డ్రాయింగులు చుట్టేసి ఇంటికి వెళ్లిపోయి ఉంటారో అనిపిస్తుంది.

చట్టం వదిలేసింది కదా అని నేను ఏదీ వదల్లేదు. పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే పదిన్నరతో నీటి పరీక్ష చేశాను. గాలి ఒక్క బుడగ కూడా లేకుండా నింపి, చేతి పంపుతో మెల్లగా ఎక్కించాం. వెల్డర్ అన్న ప్రతి జాయింటూ టార్చి వేసి చూసి, "మా ప్లాంటులో పెట్టుకోవచ్చు తమ్మీ" అన్నాడు. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు. సేఫ్టీ వాల్వులు రెండు పెడుతున్నాను, ఒకటి బిగుసుకుపోయినా రెండోది తెరుచుకుంటుంది. నీళ్లు ఎక్కించడానికి ఇంజిను పంపుతో పాటు చేతి పంపు కూడా ఉండి తీరాలి, ఇంజిను ఆగినా బాయిలర్లో నీళ్లు తగ్గకూడదు. బాయిలర్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపే గేజు గ్లాసు దగ్గర డబ్బులు మిగుల్చుకోకండి.

పడవ రిజిస్ట్రేషన్ ఇంకా మిగిలే ఉంది. ఆ దరఖాస్తు కూడా టైపు చేయించాను, బాయిలర్ జవాబు కాపీ జత చేశాను. సోమవారం వెళ్తున్నాను.