లోటన్ పావురాన్ని ఊపి ఆడించకండి

లోటన్ అనగానే జనాలకి తెలిసింది ఒక్కటే, పట్టుకుని కాస్త ఊపి నేల మీద వదిలితే వెనక్కి పల్టీలు కొట్టుకుంటూ పోద్దని. రీల్స్‌లో కూడా అదే, మ్యూజిక్ పెట్టి మరీ దొర్లిస్తారు, కింద అందరూ నవ్వే బొమ్మలు పెడతారు. నాకైతే కడుపు మండిపోద్ది. అది ఆడట్లేదండీ, మొదలయ్యాక దానంతట అది ఆగలేకపోతోంది.

కంచరపాలెంలో మాకు తెలిసిన బాబాయ్ ఒకాయన డాబా మీద వీటిని పెంచుతాడు. బతిమాలితే ఒక్కసారి చూపించాడు. ముందు గోనెసంచి పరిచి, పావురాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా కదిపి వదిలాడు, అంతే, మెడ వెనక్కి విరుచుకుపోయింది, రెక్కలు సగం విచ్చుకున్నాయి, సంచి మీద టపటపా కొట్టుకుంటూ తిరగబడిపోతోంది. రెండు మూడు పల్టీలు పడ్డాయో లేదో గబుక్కున తీసి గుండెలకి ఆనించుకుని మొహం మీద ఉఫ్‌మని ఊదాడు. గొంతు దగ్గర ఈకలు ఇంకా అదురుతూనే ఉన్నాయి. "చాలమ్మా, ఇంక అడక్కు, ఇదేటి ఆటబొమ్మేటి" అన్నాడు.

ఆ ఊదడం ఉంది చూశారూ, అది 1868లో డార్విన్ అచ్చేసిన పుస్తకంలో ఉంది! పెంపుడు జంతువులు, మొక్కలు ఎలా మారుతూ వచ్చాయో రాసిన పుస్తకం అది, అందులో లోటన్ గురించి చెప్తూ ఎత్తుకుని సముదాయించే దాకా దొర్లుతూనే ఉంటాదని, మామూలుగా మొహం మీద ఊది ఆపుతారని, ఎత్తకపోతే చచ్చేదాకా దొర్లుతాదని అంటారని కూడా రాశాడు. ఆయనకి ఇక్కడి పావురాల సంగతులు రాసి పంపిన వాళ్ళలో ముఖ్యుడు సర్ వాల్టర్ ఇలియట్. మన వైజాగ్‌తో సహా ఉత్తర సర్కారులన్నిటికీ కమిషనర్‌గా చేసినాయన, మన జిల్లాల మొక్కల తెలుగు పేర్లన్నీ పోగేసి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అని పుస్తకం వేసింది కూడా ఈయనే. మద్రాసు నుంచి డార్విన్‌కి ఉత్తరం రాస్తూ లోటన్‌లు నేల మీదే దొర్లుతాయట, లేదంటే నేలకి బాగా దగ్గర్లో, అని చెప్పాడు. కల్మీ లోటన్ అని ఇంకో రకం ఉందనీ, దానికి మెడ మీద పుల్లతో తాకితే చాలనీ రాశాడు. మన వైపు తిరిగిన మనిషి ఉత్తరం అంత పెద్ద పుస్తకంలోకి ఎక్కిందంటే నాకు భలే సంతోషం.

జాతి మాత్రం అంతకంటే చాలా పాతది. అక్బర్ కాలంలో ఆయన ఆస్థానంలోని అబుల్ ఫజల్ రాసిన అయిన్-ఇ-అక్బరీలోనే లోటన్ ఉంది, అంటే 1600కి ముందే. పావురాల్ని ఎగరేసే సరదాకి అక్బర్ పెట్టుకున్న పేరు ఇష్క్‌బాజీ.

చూడ్డానికి ఎలా ఉంటాదంటే, బాబాయ్ దగ్గరవన్నీ తెల్లవే, తల వెనక సూదిగా నిలబడిన కుచ్చు, కాళ్ళ మీద కూడా ఈకలు. ఆ కుచ్చు సంగతి ఒకటి చెప్పాలి, 2013లో పావురం జీనోమ్, అంటే దాని జన్యువుల మొత్తం చిట్టా చదివిన శాస్త్రవేత్తలు దాని జీన్‌ని పట్టుకున్నారు, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే కుచ్చు లేస్తాది. ఆ జీన్ అసలు లేని మామూలు పావురంతో జత కట్టారనుకోండి, మొదటి తరం పిల్లలన్నీ కుచ్చు లేనివే. అందుకే నాలుగొందల ఏళ్ళు పైబడి నిలబడిన జాతి ఒక డాబా మీద రెండు తరాల్లో కలిసిపోవచ్చు. అమెరికాలో పార్లర్ రోలర్ అని దీని లాగే నేల మీద దొర్లే జాతి ఉంది, అక్కడ ఎంత దూరం దొర్లిందో కొలిచి పోటీలు కూడా పెడతారు. నాకది కూడా నచ్చదు.

ఎవరైనా పెంచుదాం అనుకుంటే కొనేముందు తల్లినీ తండ్రినీ చూపించమనండి, కుచ్చులు చూసుకోండి. మన ఊరి చెమ్మకి, తుఫాను వానలకి కాళ్ళ ఈకలు తడిసి రెట్టతో అట్టకట్టేస్తాయి, గూడు కింద పొడి ఇసుక పోసి మారుస్తూ ఉండాలి. పిల్లి రాకుండా మెష్ కంపల్సరీ, దొర్లుతున్న పిట్ట పిల్లి నుంచి ఎగిరి తప్పించుకోలేదు కదా. అమ్మేవాడు ఊపి చూపిస్తానంటే మాత్రం వద్దనేయండి.