చైన్ మార్చాక కారిన ఆయిల్

పొద్దున్నే కారు కింద పరిచిన అట్టముక్క తీసి చూశాను. నిన్నటి మరక ఇవాళ అరచేయంత అయింది. ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ చైన్ మార్పించి నెల కూడా కాలేదు. చైన్ శబ్దం పోయిందని సంతోషించేలోపే ఆయిల్ కారడం మొదలైంది. సెలవు పెట్టి బెజవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. చైన్ వేసిన షాపుకి కాదు, నాన్న లారీ నడిపే రోజుల నుంచీ తెలిసిన బాబాయ్ దగ్గరికి.

"క్రాంక్ పుల్లీ సీల్ పోయిందేమో బాబాయ్" అన్నాను. ఇంజన్ షాఫ్ట్ బయటికొచ్చే చోట ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు అది. ఆయన మాట్లాడలేదు. ఇంజన్ ముందువైపంతా డీజిల్‌తో కడిగించి, బ్రేక్ క్లీనర్ కొట్టి, బాగా ఆరాక చైన్ కవర్ అంచు పొడుగునా టాల్కం పౌడర్ చల్లారు. ఇంజన్ స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చారు. నేను అనుమానించిన పుల్లీ దగ్గర పౌడర్ తెల్లగానే ఉంది. పైన, ఇంజన్ పైభాగమైన హెడ్డూ, దాని కింది బ్లాకూ, చైన్ కవరూ కలిసే మూలలో మాత్రం సన్నటి నల్లగీత దిగింది.

"ఆయిల్ కిందికే కారుద్దిరా. కింద చూస్తే అన్నిటి మీదా అనుమానమే. పైన తడి ఎక్కడ మొదలైందో చూడాలి."

టైమింగ్ బెల్ట్ అయితే మామూలుగా పొడిగానే తిరుగుతుంది. చైన్ ఆయిల్‌లో తడుస్తూ తిరగాలి. అందుకే కవర్ చుట్టూ వెంట్రుకంత సందు ఉన్నా ఊరుకోదు.

కవర్ విప్పితే సంగతి తెలిసింది. అతుకులో ఆయిల్ కారకుండా పూసే గమ్, పాతది గీకకుండా దానిమీదే కొత్తది పూసేశారు. బాబాయ్ గోరుతో పట్టి లాగితే రిబ్బన్‌లా ఊడొచ్చింది. అడుగున ఆయిల్ జిగురు. జిడ్డు మీద గమ్ ఎలా పడుతుంది? లోపలివైపు కూడా లావుగా పొంగి ఉంది. అది చూసి ఆయన ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కూడా దింపించారు. ఆయిల్ పంపు జాలీకి గమ్ ముక్కలు అంటుకుని ఉన్నాయి.

నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. చైన్ టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే చైన్‌ని బిగించి పట్టుకుంటుంది. జాలీ మూసుకుపోయినా, కారి కారి ఆయిల్ తగ్గినా కొత్త చైనే వదులవుతుంది. అది చక్రం పళ్లు దాటిందంటే వాల్వులు పిస్టన్‌కి తగలొచ్చు. డబ్బులు తీసుకుని చేసే పనిలో ఒక అరగంట గీకడానికి బద్ధకమేమిటో! చాలాసేపు కోపం తగ్గలేదు.

బాబాయ్ కుర్రాడు రెండు వైపులా ప్లాస్టిక్ గరిటెతో గీకాడు, అల్యూమినియం మీద గీత పడకుండా. తర్వాత సన్నగా, ఎక్కడా తెగకుండా గమ్ గీసి, ఆ మూలలో మాత్రం కాస్త ఎక్కువ పెట్టి, ఆరిపోకముందే కవర్ ఎక్కించారు. బోల్టులు ఒకేసారి కాకుండా అన్నీ కొంచెం కొంచెంగా టార్క్ రెంచ్‌తో బిగించారు. సీల్ బాగానే ఉన్నా, ఎలాగూ విప్పాం కదా అని కొత్తదే వేయించాను.

ఇవాళ ఆయిల్ పోయలేదు. గమ్ గట్టిపడడానికి 24 గంటలు వదిలేయాలన్నారు. ఇంటికి బస్సులో వచ్చాను. ఆయిల్ తాగి మెత్తబడిన ఫ్యాన్ బెల్ట్ బదులు కొత్తది కొనుక్కున్నాను, రేపు ఆయిల్, ఫిల్టర్‌తో పాటు అదీ వేయించాలి.