గ్యాస్ గోలీతో తగ్గని కడుపుబ్బరం

హన్మకొండలో ఏ మెడికల్ షాపులోనైనా "గ్యాస్ గోలీ" అని అడిగితే పాంటాప్రజోలో, ఒమెప్రజోలో ఇస్తారు. అవి కడుపులో యాసిడ్ తగ్గించే మందులు. నా ఉబ్బరమేమో బొడ్డు కింద, పెద్దపేగులో. చిన్నపేగులో అరగని పిండిపదార్థాలు కిందికి చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుట్టిస్తుంది. దాన్ని ఆ గోలీ ఆపదు.

మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత ఉన్నా, యాభై దాటాక కొత్తగా మొదలైనా ముందు డాక్టర్‌కు చూపించాలి, తిండి మార్పులు తర్వాత. నాకు పరీక్షలన్నీ బాగానే వచ్చి, ఐబీఎస్ (పరీక్షల్లో లోపమేదీ కనిపించకుండానే పేగు ఇబ్బంది పెట్టే సమస్య) అని తేలింది.

తిన్నది పెద్దపేగుకు చేరేసరికి కొన్ని గంటలు గడుస్తాయి. సాయంత్రం పొట్ట బిగిస్తే అప్పుడే తాగిన చాయ్‌ని అనుమానిస్తాం. చాలాసార్లు కారణం మధ్యాహ్నం పచ్చిపులుసులో పిసికిన ఉల్లిగడ్డ. అందుకే తిన్న టైము, ఉబ్బిన టైము రెండూ రాసుకున్నాను.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమల్లో ఫ్రక్టాన్లు, బొబ్బర్లు, శనగల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే పిండిపదార్థాలు ఉంటాయి. వీటిని అరిగించే ఎంజైము మనుషులెవరి పేగులోనూ లేదు. గుడాలు (ఉడికించిన బొబ్బర్లు, శనగలు) తిన్న ఇంటిల్లిపాదికీ గాలి పుడుతుంది, కానీ ఐబీఎస్ పేగు కొంచెం సాగినా నొప్పి పెడుతుంది.

మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకుల ఫాడ్‌మ్యాప్ పద్ధతి పట్టాను. ఇలా సరిగా అరగక పేగులో పులిసే పిండిపదార్థాలు, చక్కెరలకు కలిపి పెట్టిన పేరే ఫాడ్‌మ్యాప్. రెండు నుంచి ఆరు వారాలు ఇవన్నీ తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడాలి. అన్నం, జొన్నరొట్టె, గుడ్డు, చేప, వంకాయ, ఆలుగడ్డ ఉండగా ఆకలికి లోటు లేదు. రుచికే తంటా. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి చారులోంచి ఉల్లి ముక్కలు ఏరేసినా లాభం లేదు. పోపు నూనెలో నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు ఎర్రగా వేయించి, నీళ్లు తగలకముందే తీసేస్తే వాసన మిగులుతుంది. పచ్చిపులుసులో గడ్డకు బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వేసుకోవచ్చు.

బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. వేరే నీళ్లలో ఉడికించి అవీ వంపేయాలి. గాలి పుట్టించే చక్కెరలు కొంత పోతాయి, పూర్తిగా కాదు. పాలు పడనివాళ్లకు కూడా పెరుగు తరచుగా పడుతుంది, పాలలోని చక్కెర లాక్టోజ్ కొంత పులిసిపోతుంది కనుక.

తిరిగి పెట్టేటప్పుడు చాలామంది తొందరపడతారు. ఉల్లిగడ్డయితే మొదటిరోజు ఒక చెంచా, మరునాడు రెండు, మూడోరోజు పావు గడ్డ. మిగతా తిండి మార్చకూడదు. ఇంకో పదార్థం పెట్టేముందు రెండు మూడు రోజులు ఆగాలి. ఒకే పూట సర్వపిండిలో శనగపప్పు, పక్కన ఉల్లిగడ్డ, పైన గ్లాసెడు పాలు కలిస్తే, విడిగా పడేవి కూడా ఉబ్బిస్తాయి. ఇప్పుడు గుడాలు అరకప్పు తింటాను, ఆ రోజు మాత్రం ఉల్లిగడ్డ జోలికి పోను.