మా ల్యాబ్ పెన్‌డ్రైవ్, నా ప్రాజెక్టు

మా గుంటూరు ల్యాబ్‌లో మిర్చికి ఆకుముడత తెచ్చే జెమినీ వైరస్ మీద పనిచేసే స్కాలర్‌కి ఒక విదేశీ ప్రొఫెసర్ పేరుతో మెయిల్ వచ్చింది. పేపర్‌లో మీ పేరు కూడా వేస్తాం, ముందు వైరస్ జన్యు సీక్వెన్స్ ఫైళ్లు పంపండి అని. పాపం, సగం పంపేసింది. మెయిల్ అడ్రస్‌లో యూనివర్సిటీ పేరులో ఒక అక్షరం తేడాగా ఉందని మర్నాడు చూశాం. "నాలుగేళ్ల పని మేడమ్" అని ఏడ్చింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇలాంటివి అసలు ఎన్ని జరుగుతున్నాయి, ఎలా ఆపాలి అని వెతకడం మొదలుపెట్టాను. పరిశోధనల భద్రత మీద అధ్యయనాలకే నిధులిస్తామని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2023లో ప్రకటించిందని అప్పుడే తెలిసింది. దానికి ముందు అక్కడ జరిగింది చదివితే బాధేసింది. పరిశోధన, వ్యాపార రహస్యాలు చైనాకు చేరకుండా ఆపాలని 2018లో న్యాయశాఖ మొదలుపెట్టిన 'చైనా ఇనిషియేటివ్' కింద ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్‌ను 2021 జనవరిలో అరెస్టు చేశారు. ఏడాది తర్వాత, 2022 జనవరిలో ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది. మరుసటి నెలలో ఆ కార్యక్రమాన్నే ఎత్తేశారు. ముప్పు ఎక్కడుందో తెలుసుకోకుండా మనుషులను అనుమానిస్తే ఇంతే. మన దగ్గర అలా జరగకూడదనే నేనూ నిధుల కోసం ఒక అధ్యయన ప్రాజెక్టు రాసి పంపాను.

మొదటిసారి తిరిగొచ్చింది. "ఇది ఐటీ విభాగం పని" అని ఒక్క వాక్యం. తప్పు నాదే, మొదటి పేజీల నిండా ఫైర్‌వాల్, యాంటీవైరస్ అని రాశాను. రెండోసారి ప్రశ్నలే మార్చేశాను, స్కాలర్లనే కలిసి అడగాలని. స్కాలర్ ల్యాబ్ వదిలి వెళ్లాక డేటా ఎవరి దగ్గర ఉంటుంది? అనుమానం వస్తే ఎవరికి చెప్పుకుంటారు? చెబితే తిట్లు పడతాయని దాచేస్తున్నారా?

అన్నిటికంటే కష్టపడింది ఎథిక్స్ కమిటీ దగ్గర. డేటా పోయిందని ఒప్పుకున్న వాళ్ల పేర్లు బయటపడితే వాళ్ల గతేమిటి అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. పేర్ల బదులు నంబర్లు, ఏ నంబరు ఎవరిదో ఉన్న జాబితా విడిగా తాళం వేసిన బీరువాలో అని రాసిచ్చాను. మూడు నెలలు పట్టింది. ప్రిన్సిపాల్ గారిదీ అదే భయం. "కాలేజీకి చెడ్డపేరు రాదు కదమ్మా?" అన్నారు. ఏ కాలేజీ పేరూ రాయనని కాగితం మీద పెట్టాకే సంతకం చేశారు. బడ్జెట్ తేలిగ్గానే అయిపోయింది, ఒక అసిస్టెంట్ జీతం, తిరుగుడు ఖర్చులు, అంతే.

ప్రజెంటేషన్ రోజు చాలా టెన్షన్ పడ్డాను. "రూల్స్ పెడితే సరిపోదా, అధ్యయనం ఎందుకు?" అని ఒక పెద్దాయన అడిగారు. మా ల్యాబ్ పెన్‌డ్రైవ్ ఫొటో చూపించాను. ఎర్రదారం కట్టి, టేప్ మీద 'అందరిదీ' అని రాసి ఉంటుంది. "రూల్ ఉంది సార్, గోడ మీద అంటించాం. అయినా ఇది రోజూ చేతులు మారుతోంది. ఎందుకో వాళ్లనే అడగాలి" అన్నాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నారు.

మంజూరు ఉత్తరం వచ్చింది. మొదటి ఇంటర్వ్యూ విజయవాడలో. రికార్డర్ టేబుల్ మీద పెట్టగానే అక్కడి స్కాలర్ అడిగాడు: "మేడమ్, ఇది ఎక్కడ దాస్తారు?"

రికార్డర్ పక్కన పెట్టి, ముందు ఆ బీరువా సంగతి వివరంగా చెప్పాను.