పండగకు ఊరు రానన్న పిల్లతో లాల్‌బాగ్‌లో

సంక్రాంతికి ఈసారి మా ఊరు నంద్యాల రానని మా అమ్మాయి డిసెంబరులోనే తేల్చి చెప్పింది. పండగనాడు స్నేహితురాళ్ళతో కలిసి ఇల్లిల్లూ తిరిగి ఎళ్ళు-బెల్ల, అంటే నువ్వులూ బెల్లమూ కలిపినది, పంచాలట, ఆ తర్వాత గణతంత్ర దినోత్సవానికి ఇక్కడ బెంగళూరులో, లాల్‌బాగ్ తోటలో పెట్టే పుష్పప్రదర్శన చూడాలట. ఆంధ్రలో బడులకు సంక్రాంతి అంటే రోజుల తరబడి సెలవులు. ఇక్కడ సాధారణంగా ఒక్క రోజే. అందువల్ల ఊరు వెళ్ళాలంటే బడి మాన్పించక తప్పదు, ఏటా మాన్పిస్తూనే ఉన్నాను. పువ్వులే కదా నీ బాధ, లాల్‌బాగ్ ఇప్పుడే చూపిస్తాను, పండక్కి మాత్రం ఊరికి రావాలి అని బేరం పెట్టాను. తోటకు రావడానికి ఒప్పుకుంది కాని, ఊరి సంగతి ఎత్తలేదు.

పిల్లలను ఏడాదికోసారైనా ఊరికి తీసుకువెళ్ళాలని, లేకపోతే తమవాళ్ళెవరో వాళ్ళకు తెలియకుండా పోతుందని మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు తల్లులకు నేను తరచుగా చెబుతుంటాను. ఇంత గట్టిగా చెప్పే నేను ఇంటర్మీడియట్ కాగానే ఆ ఊరు వదలడానికి ఇంట్లో పోరాడినదాన్ని. ఇప్పటికీ అక్కడ కాలు పెట్టిన పూట మురిసిపోతాను, మరునాటికి సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని మిద్దె మీద తిరుగుతుంటాను. అయినా సలహా మాత్రం మార్చుకోలేదు.

ప్రదర్శన లేని రోజున గ్లాస్ హౌస్ చూడడమే మేలని ఆ ఉదయం నాకు తోచింది. జనం తోపులాటా, పూలతో కట్టిన బొమ్మలూ లేకపోతే పోత ఇనుప స్తంభాలు, వాటి మీది కమానులు, అద్దాల గుండా దిగే వెలుతురు కంటికి ఆనతాయి. ముందు రాత్రి చదువుకుని వచ్చినదంతా అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఈ తోటను 1760లో హైదర్ అలీ ప్రారంభించాడనీ, టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి దీన్ని విస్తరించాడనీ, విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్ట్ విక్టర్ 1889 నవంబరు 30న ఈ గాజు కట్టడానికి పునాదిరాయి వేశాడనీ, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దీనికి నమూనా అనీ చెప్పుకుపోతుంటే, ఇదంతా బడివాళ్ళు తీసుకువచ్చినప్పుడే విన్నానని ఆమె చాలా మర్యాదగా ఆపింది. అప్పట్లో తోట అధికారిగా ఉన్న జాన్ కామెరాన్ సంగతి మాత్రం ఆమెకు కొత్త. నంద్యాల సంతలో బెంగళూరు వంకాయ అని అమ్మే కాయను, వాళ్ళ అవ్వ పప్పులో వేసే కాయను, అమెరికా ఖండంలో పుట్టినదాన్ని, తెప్పించి ఇక్కడ అలవాటు చేసినవాడు అతడేనన్నాను. ఆ పప్పు తనకు నచ్చదంది.

తోటలో ఎటు చూసినా బయటి నుంచి వచ్చినవే. శివుని పువ్వుగా మనం కళ్ళకద్దుకునే నాగలింగం చెట్టుకు పుట్టిల్లు దక్షిణ అమెరికా. వేసవిలో ఊరంతా ఎర్రబారేలా పూచే గుల్‌మొహర్‌కు మడగాస్కర్. పెరికి తెచ్చి నాటిన మొక్కకూ ప్రవాసుల పిల్లలకూ పోలిక తేవడం అలాంటి చోట ఎవరికైనా నోటి దాకా వస్తుంది, నాకూ వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆమె, నేను ఇక్కడే పుట్టాను కదమ్మా, నన్ను ఎక్కడి నుంచీ తేలేదు కదా, అంది. దానికి బదులు చెప్పలేక క్రుంబీగెల్ కథ ఎత్తుకున్నాను. జర్మనీలో పుట్టి, లండన్‌లో ‘క్యూ’ అనే పేరున్న వృక్షోద్యానంలో పనిచేసి, బరోడా మీదుగా 1908లో ఈ ఊరికి వచ్చి, ఏ నెలలోనైనా ఏదో ఒక వీధి పూతతో ఉండేలా చెట్లను ఎంచి నాటించి, 1956లో ఇక్కడే కన్నుమూసిన మనిషి ఆయన. అంతా విని, ఆయన పిల్లలు పండగకు ఏ ఊరు వెళ్ళేవాళ్ళు అని అడిగింది. నేను చదివిన దాంట్లో అది లేదు.

మూడు వందల కోట్ల ఏళ్ళనాటిదని చెప్పే గుట్ట మీద, ఈ నగరాన్ని కట్టించిన కెంపేగౌడ పేరుతో ఉన్న గోపురం పక్కన కాసేపు కూర్చున్నాం. చెరువుకు దారి ఎటని ఎవరో దంపతులు నన్ను అడిగితే, నేను నా కన్నడను కూడగట్టుకునేలోపే అమ్మాయి లేచి, ఏ చెట్టు దగ్గర తిరగాలో, ఏ దారిలో నీడ ఉంటుందో సహా చెప్పి పంపింది. తన ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పినట్టే చెప్పింది. ఇన్నేళ్ళుగా ఈ నగరంలో ఉంటూ, ఏది చూసినా మా ఊళ్ళో అయితే అని మొదలుపెట్టే నేను ఇక్కడ చుట్టపుచూపుగానే బతుకుతున్నాను. అలా బతకడం ఊరి మీద ప్రేమకు గుర్తని కూడా అనుకుంటూ వచ్చాను. మరి పిల్ల తాను పుట్టిన చోట చుట్టంలా ఉండాలని కోరడం ప్రేమే అవుతుందా అని అప్పుడు అనిపించింది.

చెరువు గట్టు మీద నడుస్తుండగా అసలు మాట బయటపడింది. ఊళ్ళో అందరూ తనను నడుమ నిలబెట్టి కన్నడలో ఏదైనా చెప్పమంటారట, తెలుగులో మాట్లాడితే యాసకు నవ్వుతారట. అక్కడ తానొక ఆట బొమ్మనట. నిజం చెప్పాలంటే ఆ ఆట నాకు ముచ్చటగానే ఉంటుంది, మా అన్న పిల్లలకు రాని భాష నా కూతురికి వచ్చని లోలోపల గర్వం కూడా. అదే కన్నడలో ఆమె ఇంట్లో లెక్కలు చేసుకుంటే మాత్రం విసుక్కుంటాను. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం నాకు చేతకాదు.

ఇంటికి వచ్చాక ఆమె కొత్త ఉపాయం చెప్పింది: పండగకు అవ్వనే ఇక్కడికి పిలుద్దామని, ఎళ్ళు-బెల్ల పంచాక పుష్పప్రదర్శనకు వెంట తీసుకువెళ్దామని. అమ్మ ఒప్పుకోదన్న ధైర్యంతో నేనే ఫోను కలిపాను. మోకాళ్ళ నొప్పులతో అంత తోట నడవగలనా అన్నదొక్కటే అమ్మ అడిగింది. మనవరాలు నా చేతిలోని ఫోను లాక్కుని, లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతాయని, కూర్చోవడానికి బెంచీలుంటాయని, తానే దగ్గరుండి చూపిస్తానని తన యాసలోనే చెప్పింది. వాళ్ళిద్దరి మధ్య అంతా కుదిరిపోయింది. ముగ్గు లేకుండా, పండగ పూట ఊళ్ళో ఇంటికి తాళం వేయడానికి నేను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. రైలు టికెట్లూ రద్దు చేయలేదు.