అల్లుడు పుల్లకు మొక్కుతున్నాడు

పోయిన అక్టోబరులో తాండూరు పక్కన మా చిన్నమామ ఊరికి వెళ్లాను. కంది పూతమీదుంది. తెల్లారి ఆరింటికి గట్టుమీద వంగి ఎండిన గడ్డిపుల్లను చూస్తుంటే వెనకనుంచి మామ, "ఏందల్లుడూ, పుల్లకు మొక్కుతున్నవా?" అన్నాడు.

పుల్లకు ఐదు తేనెటీగలు వేలాడుతున్నాయి. దవడలతో కరిచి పట్టుకుని, ఒళ్లంతా మంచుతో తడిసి నిద్రపోతున్నాయి. అమెజిల్లాలనే రకం. మెలకువగా ఉంటే క్షణం నిలవవు, అందుకే ఈ వేళ కోసం లేచాను. నల్లటి పొట్టమీద మెరిసే నీలి పట్టీలు. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను, ఒక్కోదానికి ఐదు. ఆడవాటికి నాలుగే.

"కుడ్తయ్, జర పైలం!"

"మగవి మామా, వీటికి కొండే ఉండదు."

ఆడవి నేలలో ఎవరి బొరియ వాళ్లు తవ్వుకుని అందులో పడుకుంటాయి. తుట్టె లేదు, రాణి లేదు.

ఎండెక్కాక తులసిమీద ఇంకో నీలిది వాలింది. ధీమాగా 'అమెజిల్లా' అని రాసుకున్నాను. మధ్యాహ్నం ఫోన్‌లో ఫొటో పెద్దది చేస్తే పరువు పోయింది. అడ్డంగా సాగే పట్టీలు కావు, విడివిడి నీలిచుక్కలు. కాళ్లకు పుప్పొడి మోసే కుచ్చు కూడా లేదు. అది థైరియస్ అనే ఇంకో రకం తేనెటీగ. కాకి గూట్లో కోకిలలా అమెజిల్లా బొరియలో గుడ్డు పెట్టి పోతుంది. పిల్లల మేత తనే మోయనక్కర్లేనప్పుడు కుచ్చెందుకు?

కందిపూల దగ్గర మాత్రం తడబడలేదు. పుప్పొడి వెనక కాళ్లకు కాకుండా పొట్టకింద పసుపు పూసినట్టు ఉంటే అది మెగాకైల్ అనే తేనెటీగ. ఇంటిముందు గులాబీ ఆకులను గుండ్రంగా కత్తిరించేది కూడా ఈ జాతే. పురుగు పట్టిందని మామ మందు కలిపి పెట్టాడు. ఆకును తినదు, గూట్లో గదులు కట్టుకోవడానికి తీసుకుపోతుందని చెప్పి, పూతలో మందు కొడితే ముందు చచ్చేది ఇవేనని బతిమాలాను. సరేనన్నాడుగానీ, పంపు లోపల పెట్టలేదు.

ఇక ఎండుపుల్ల బెండులో గూడు పెట్టే చీమంత తేనెటీగ, సెరటినా. ముఖంమీద లేతమచ్చ కనిపించేసరికి ఎగిరిపోయింది. అదే చేతికి చిక్కినా ఏ రకమో తేల్చాలంటే మైక్రోస్కోప్ కావాలి. పుస్తకంలో పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టేశాను.

పొద్దుగూకే వేళ టీ తాగుతున్నాను. గట్టుమీదనుంచి మామ కేకేశాడు:

"అల్లుడూ, మీవోళ్లొచ్చిన్రు! గదే పుల్ల! ఈసారి ఆరున్నయ్!"