అరవై నాన్‌ఖటాయిల లెక్క

మా వీధిలో కుకీ ఎక్స్ఛేంజ్ ఏటా డిసెంబరులో మా పక్కింటావిడ ఇంట్లోనే జరిగేది. మేం న్యూజెర్సీ వచ్చిన మొదటి ఏడాదే ఆవిడ నన్నూ పిలిచారు. పోయినేడు ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. పరామర్శకి వెళ్లినదాన్ని ఊరుకోకుండా "ఈసారి మా ఇంట్లో పెట్టుకుందాం లెండి" అనేశాను.

ఒక్కొక్కరూ ఒక్కో రకం కుకీలు చేసి తెస్తారు, వెళ్లేటప్పుడు అన్ని రకాలూ తలా కొన్ని పట్టుకెళ్తారు. సంక్రాంతి ముందు అరిసెలూ జంతికలూ ఇరుగుపొరుగు ఇళ్లకి తిరుగుతాయి చూడండి, అలాంటిదే. కాకపోతే ఇక్కడ అన్నీ ఒకే రోజు, ఒకే బల్ల మీద, లెక్క ప్రకారం. మేం 8 మందిమి. రకానికి ఆరేసి చొప్పున పంచుకుంటే 48, అక్కడ రుచి చూడటానికి ఇంకో 12. అంటే మనిషికి 5 డజన్లు. ఈ లెక్క ముందే మెసేజ్ పెట్టమని పక్కింటావిడ రెండుసార్లు చెప్పారు. ఎవరో ఒకరు రెండు డజన్లతో వచ్చి ఎనిమిది పెట్టెలు నింపుకుని పోతారట!

నేను నాన్‌ఖటాయిలు, అదే నెయ్యి బిస్కెట్లు, చేద్దామనుకున్నాను. ఇద్దరు తెలుగువాళ్లున్నారు, అందులో ఒకావిడ "అక్కా, ధనుర్మాసం, గుడ్డు ముట్టను" అంది. నాన్‌ఖటాయిలో గుడ్డుండదు కాబట్టి గొడవ లేదు. ఇంకొకరి పిల్లాడికి బాదం, పిస్తా లాంటి గింజల ఎలర్జీ, అందుకని పైన పిస్తా పలుకు మానేశాను. చేసిన ప్రతివాళ్లూ గుడ్డు, గింజలు ఉన్నాయో లేదో చిన్న చీటీ మీద రాసి పళ్లెం ముందు పెట్టాలని కూడా మెసేజ్‌లో చేర్చాను.

మొదటి వాయ పాడైంది. రెండు కప్పుల మైదా, అర కప్పు శనగపిండి, కప్పు పంచదార పొడి, కప్పు నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు బేకింగ్ సోడా. కొలతల్లో తప్పేం లేదు. తొందరలో నెయ్యి కరిగించి పోశాను, అదే తప్పు. ఒవెన్‌లో పెట్టిన ఐదు నిమిషాలకి అద్దంలోంచి చూస్తే ఉండలన్నీ జారి ఒకదాన్నొకటి అంటుకుని ట్రే నిండా ఒకే అట్టు. మా ఆయన దాన్ని విరుచుకుని టీలో ముంచుకుంటూ "బాగానే ఉందే" అన్నారు. ఆయనకి అన్నీ బాగానే ఉంటాయి.

రెండోసారి పేరుకున్న నెయ్యి తీసుకుని, పంచదార పొడితో తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టాను. పిండి కలిపి, ఉండలు చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పావుగంట. పైన నెర్రెలు విచ్చి, అడుగున లేత గోధుమరంగు వచ్చింది. వేలితో నొక్కితే మెత్తగా ఉంటే ఉడకలేదని మళ్లీ పెట్టకండి. చల్లారితే అవే గట్టిపడతాయి. నేను అలా ఓ పది మాడ్చాను.

శనివారం మధ్యాహ్నం రెండు గంటల్లో అంతా అయిపోయింది. టీ, కబుర్లు, మొలాసిస్ (నల్లటి బెల్లప్పాకం లాంటిది) వేసిన మెత్తటి అల్లం కుకీలు, దాల్చినచెక్క పొడిలో దొర్లించిన స్నికర్‌డూడుల్స్, పెప్పర్‌మింట్ చాక్లెట్ కుకీలు. డబ్బాలు తెచ్చుకోమని చెప్పడం ఒక్కటే మరిచిపోయాను. ఇంట్లో దాచిన ఖాళీ పెరుగు డబ్బాలన్నీ అయిపోయాయి.

అసలు బుద్ధితక్కువ పని ఆ రాత్రి చేశాను. మా వాటాకి వచ్చినవన్నీ ఒకే పెద్ద టిన్నులో సర్దేసి, సోమవారం స్కూల్ బస్ డ్రైవర్‌కీ పోస్ట్‌మన్‌కీ ఇవ్వడానికి పొద్దున్నే పెట్టెలు కడదామనుకున్నాను. పొద్దున మూత తీస్తే నాన్‌ఖటాయిలతో సహా అన్నీ పెప్పర్‌మింట్ వాసన! అల్లం కుకీల చెమ్మకి కరకరలాడేవి కూడా మెత్తబడ్డాయి. మెత్తటివి, గట్టివి, పెప్పర్‌మింట్‌వి దేనికది విడిగా పెట్టాలని అందరికీ తెలుసట, నాకు తప్ప. మళ్లీ ఇంకో వాయ వేశాను. ఈసారి నాన్‌ఖటాయిలు మాత్రమే ఇచ్చాను.

పోస్ట్‌మన్ పెట్టెలో ఓ 20 డాలర్ల నోటు కూడా పెడుతుంటే పక్కింటావిడ ఆపారు. వాళ్లు డబ్బు పుచ్చుకోకూడదట, 20 డాలర్లలోపు విలువ చేసే కానుకయితే ఫర్వాలేదట. నోటు తీసేసి ఇంకో నాలుగు నాన్‌ఖటాయిలు సర్దాను.

ఆవిడ టిన్ను ఒకటి అంతకు ముందు ఏడాది నుంచీ మా ఇంట్లోనే ఉంది. ఖాళీది ఇవ్వడం ఎలాగని జంతికలు వేసి ఇచ్చాను. సాయంత్రం ఫోన్ చేశారు. "ఇవి వచ్చే ఏడాది బల్ల మీద పెట్టొచ్చు కదా, ఐదు డజన్లంటే ఎన్ని?" అని. జంతికలు విరిగిపోతాయి, డజన్లలో లెక్కపెట్టం అన్నాను. ఆవిడకి అది బొత్తిగా నచ్చలేదు.